చేతికో కాకరపువ్వొత్తి

పొగిడితే నిన్నే పొగడాలి కాకరపువ్వొత్తీ! తారాజువ్వ పైకి లేస్తే అందరి తలలూ ఆకాశం వైపు తిరుగుతాయి. బాంబు పేలితే అందరి చేతులూ చెవుల మీదికి పోతాయి. నిన్ను ముట్టిస్తే మాత్రం నిన్ను పట్టుకున్న మనిషి ముఖం కనిపిస్తుంది. నుదుటి మడతలు, ఆపుకుంటున్న కన్నీళ్లు, పన్ను ఊడిన నవ్వు, ముక్కుపుడక మీది మెరుపు, నువ్వు వెలిగినంతసేపూ ఏదీ దాగదు. ఉయ్యాలలో పసిబిడ్డ నిద్ర చెడదు. కుక్క మంచం కింద దూరదు. చప్పుడు చేయకుండా, ఎత్తుకు ఎగరకుండా, మనిషి చేతి ఎత్తునే ఉండి వెలిగే నిప్పువు నువ్వు. అందుకే మా పిల్లను సాగనంపే పని నీకు అప్పజెప్తున్నాం.

పెండ్లిలో ఏ ఘట్టానికి ఆ వెలుతురు ఉంటుంది. ఎదుర్కోళ్లకు బ్యాండు మేళం వెంట లైట్ల బండ్లు వస్తాయి. జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు వీడియో వాళ్ల దీపాలకు పెండ్లికొడుకు కళ్లు చికిలిస్తాడు. హోమానికి అగ్నిహోత్రుడున్నాడు. అరుంధతిని చూపించడానికి ఆకాశమే దీపం. అప్పగింతలకు మాత్రం ఏ దీపమూ లేదు. ఆ వేళకు భోజనాల దగ్గర బగోనాలు కడుగుతుంటారు. డెకరేషన్ పిల్లలు నిచ్చెనలేసి బంతిపూల దండలు గుంజుతుంటారు. ఫంక్షన్ హాలు మేనేజరు సగం లైట్లు బంద్ చేయిస్తాడు. దూరపు చుట్టాలు తాంబూలం సంచులు పట్టుకుని ఎప్పుడో బస్సెక్కి ఉంటారు. మిగిలిన నలుగురి మధ్య, ఆ సగం చీకట్లో, పిల్ల తల్లి మెడ పట్టుకుని ఏడుస్తుంది. తండ్రి పక్కకు తిరిగి కళ్లద్దాలు తుడుచుకుంటాడు. ఎవరో "టైమైతుంది, ఎక్కు బిడ్డా" అంటారు. కారు తలుపు పడుతుంది. అన్ని లక్షలు పోసి చేసిన పెండ్లిలో పిల్ల తన ఇంటివాళ్లను ఆఖరుసారి చూసుకునే నిమిషం అంత మసకగా ఎందుకుండాలి?

నేను మేనమామను. మండపం దాకా ఆ పిల్లను బుట్టలో కూర్చోబెట్టి మోసుకుపోయే భాగ్యం నాది. మధుపర్కాలు, మట్టెలు, ప్రతిదాంట్లో నాకో పని ఉంది. పంపించేటప్పుడు మాత్రం చేతులు ఖాళీ. నా ఒక్కడివే కాదు. అన్నదమ్ములు, బాబాయిలు, చిన్నమ్మలు, చదువుకున్నప్పటి స్నేహితురాళ్లు అందరూ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడే నిమిషం అది. ఆ చేతుల్లో నిన్ను పెట్టాలని మా ఆలోచన. హాలు గుమ్మం నుంచి గేటు దాకా రెండు వరుసలుగా నిలబడతాం. అందరి చేతుల్లో నువ్వు వెలుగుతుంటావు. నడుమ నుంచి మా పిల్ల, అల్లుడు నడిచిపోతారు. తను తలతిప్పిన ప్రతిచోటా తనవాళ్ల ముఖం వెలుతురులో కనిపించాలి.

పెండ్లి మిర్యాలగూడలో. పిల్ల పోయేది కోదాడకు. మా మూలం సూర్యాపేట. మూడు ఊళ్ల చుట్టరికం ఇది. వైశాఖంలో ముహూర్తం, అదీ అర్ధరాత్రి దాటాక. తెల్లవారుజామున మిర్యాలగూడ వదిలిన బండి నేరేడుచర్ల, హుజూర్‌నగర్ మీదుగా కోదాడ చేరాలి. దారి పొడుగునా సాగర్ ఎడమ కాల్వ ఆయకట్టు. 1967లో ఆ కాల్వలకు నీళ్లు వదిలిన తర్వాతే ఇక్కడి చెల్కలు వరిమళ్లయ్యాయి, మిర్యాలగూడ చుట్టూ రైస్ మిల్లులు లేచాయి, కృష్ణా గుంటూరు జిల్లాల నుంచి రైతులు వచ్చి భూములు కొనుక్కుని ఇక్కడివాళ్లయ్యారు. అందుకే మా పెండ్లిళ్లలో ఒకే బంతిలో "ఏందిరా గట్ల తింటున్నవ్" అనేవాళ్లూ ఉంటారు, "కొంచెం వడ్డించండి" అనేవాళ్లూ ఉంటారు. కోదాడ దాటితే నల్లబండగూడెం, పాలేరు వాగు, అవతల జగ్గయ్యపేట. అక్కడి నుంచీ వస్తారు చుట్టాలు. ఇన్ని యాసలు మాట్లాడే మంది ఆ వరుసల్లో నిలబడి, మాటలు పక్కనపెట్టి నిన్ను పట్టుకుంటారు.

వరుసల ముచ్చట అమెరికా పెండ్లిళ్ల వీడియోల్లోంచి వచ్చిందని ఇంట్లో కొందరు ముఖం చిట్లించారు. వచ్చింది నిజమే. మా మేనల్లుళ్లు డాలస్‌లో, న్యూజెర్సీలో స్నేహితుల పెండ్లిళ్లకు పోయి చూసొచ్చి మాకు చూపించారు. ఇంకో మేనల్లుడు బోస్టన్ దగ్గర ఉంటాడు. మసాచుసెట్స్‌లో మామూలు జనం కాకరపువ్వొత్తి ముట్టించడం కూడా చట్టరీత్యా నేరమేనట. దీపావళికి నిన్ను చేత పట్టుకోలేక అక్కడ బెంగపడే ఆ పిల్లవాడు, ఈ పెండ్లికి అందరికంటే ముందు టికెట్టు తీసుకున్నాడు. వచ్చిన దారి ఏదైతేనేం, వెలుగుతో పిల్లను పంపడం మనకు పరాయిది కాదు. మన బరాత్ ఎప్పుడూ నిప్పు వెంటే నడిచింది. దివిటీలు పోయాక పెట్రోమాక్సులు వచ్చాయి, అవి పోయాక ట్యూబులైట్ల గొడుగులు వచ్చాయి.

ఆ దివిటీ మాట దగ్గర ఒక్క క్షణం ఆగాలి. అప్పట్లో పెద్దిండ్ల ఊరేగింపుల్లో దివిటీ పట్టడం రజకుల మీద వేసిన పని. పల్లకి మోయడం బోయీల వంతు. రాత్రంతా నూనె పోస్తూ, చేతికి సెగ తగులుతూ, ఒకరి సంబరానికి ఇంకొకరు వెలుతురు మోసేవాళ్లు. ఆ తర్వాత పెట్రోమాక్సు తల మీద పెట్టుకుని నడిచిన కూలీ మనుషులను నా చిన్నప్పుడు నేనే చూశాను. ఊరేగింపంతా వెలుతురులో ఉండేది; వెలుతురు మోసేవాళ్ల ముఖాలే చీకట్లో ఉండేవి. వెట్టికి ఎదురుతిరిగిన నేల మాది. 1946 నుంచి 1951 దాకా సాగిన సాయుధపోరాటంలో సూర్యాపేట, హుజూర్‌నగర్ తాలూకాల పల్లెలు ముందు నిలిచాయి. ఆ పల్లెల మనవళ్లు మనవరాళ్లు ఇవాళ తమ ఇంటి పిల్లకు తామే దివిటీ పడతారు. డాక్టరు పడతాడు, ట్రాక్టరు డ్రైవరు పడతాడు, మిల్లులో హమాలీ పడతాడు. ఎవరి వెలుతురు వాళ్ల చేతిలో, ఎవరి ముఖం మీద వాళ్ల వెలుతురు. కాకరపువ్వొత్తీ, నిన్ను మించిన సమానత్వం పెండ్లి పందిట్లో నాకు కనబడలేదు.

నీ పుట్టుక చిన్నదేం కాదు. 1443లో విజయనగరం వచ్చిన పారశీక రాయబారి అబ్దుర్ రజాక్, మహర్నవమి ఉత్సవాల్లో బాణసంచా చూసి రాసిపెట్టుకున్నాడు. 1497లో గద్దెనెక్కి నాలుగు దశాబ్దాలు కటకాన్ని ఏలిన గజపతి ప్రతాపరుద్రుడి పేరు మీద 'కౌతుకచింతామణి' అనే సంస్కృత గ్రంథం ఉంది. అందులో బాణసంచా కూర్పులున్నాయి: సురేకారం, గంధకం, బొగ్గు, ఇనుప పొడి, ఉక్కు పొడి. నీ ఒంట్లో ఈనాటికీ ఉన్న ఇనుమూ ఉక్కూ ఆ రాజు కాలానికే మందు కట్టేవాళ్ల చేతిలో ఉన్నాయి. భారతదేశపు బాణసంచా చరిత్రను తవ్వి తీసిన పి.కె.గోడే ఆ గ్రంథాన్ని లోకానికి ఎత్తిచూపాడు. ఆ ప్రతాపరుద్రుడితోనే శ్రీకృష్ణదేవరాయలు యుద్ధం చేశాడు. 1515లో కొండవీడు పడింది, తర్వాత కొండపల్లి. ఆ మీద రాయలు పట్టుకున్న తెలంగాణ దుర్గాల జాబితా శాసనానికెక్కింది. అందులో ఉండ్రకొండ, ఉర్లకొండ, అరువపల్లి, అనంతగిరి, నల్లకొండ పేర్లున్నాయి. సూర్యాపేట చుట్టుపక్కల తిరిగిన ఎవరికైనా ఆ పేర్లు వినగానే ఉండ్రుగొండ గుట్టలు, అర్వపల్లి కళ్ల ముందు నిలుస్తాయి. చివరికి ఆ యుద్ధం సంధితో, సంధి పెండ్లితో ముగిసింది. గజపతి తన కూతురిని రాయలకిచ్చాడు. నిప్పుపూల కూర్పులు తెలిసిన తండ్రి, తనను ఓడించినవాడి ఇంటికి కూతురిని సాగనంపాడు. సూర్యాపేట నుంచి కోదాడ పోయే దారిలో ఆ గుట్టల వైపు చూసినప్పుడల్లా నాకు యుద్ధం కంటే ఆ అప్పగింతే గుర్తుకొస్తుంది.

మొన్న రాత్రి మిద్దె మీద నిన్ను ఒక్కదాన్నే ముట్టించి చూశాం, ఎంతసేపు నిలుస్తావో తెలుసుకుందామని. పొద్దంతా చేటలో పోసి ఎండబెట్టాం. దీపావళి ముందు మా అమ్మ అట్లాగే చేసేది, నేల చెమ్మ తగలకుండా గోనెసంచి పరిచి. అగ్గిపుల్ల సెగకు ముందు కొస నల్లబడింది, తర్వాత ఎర్రబడింది. ఇక ముట్టదేమో అనుకునే లోపు ఒక్కసారి చిమ్మింది. ముందు తెల్లని మెరుపు, అది అల్యూమినియం. వెంటనే బంగారు రవ్వలు, అవి ఇనుము. ఒక్కొక్క రవ్వ కొంత దూరం ఎగిరి గాల్లోనే మళ్లీ చీలి తంగేడు కొమ్మలా నాలుగు రెమ్మలు వేస్తుంది. ఉక్కులో దాగిన కర్బనం కాలి, వాయువై, రవ్వను లోపలి నుంచి పగలగొట్టడం వల్ల ఆ రెమ్మలు పుడతాయి. కంటికి కనబడీ కనబడని పొడి రేణువు, కాలిపోతూ కూడా పూస్తుంది! చేతి మీద పడితే చిటుక్కుమంటుందే తప్ప కాలదు. అంత చిన్నది, పడేలోపే చల్లారుతుంది. కొసన మండే మందు మాత్రం వెయ్యి డిగ్రీలు దాటుతుంది. వెలుగు కిందికి, ఇంకా కిందికి, వేళ్ల దాకా దిగి, ఆగింది. తీగ ఎర్రగా ఉండి, నల్లగా మారింది. నల్లబడ్డాక కూడా దాన్ని ముట్టుకోకూడదు. అప్పుడే చేతులు కాలేది.

నిన్ను తయారుచేసిన చేతులను తలుచుకోకుండా నిన్ను పొగడలేను. శివకాశిలో చెక్క చట్రాలకు తీగలు వరసగా గుచ్చి, గంజిలా కలిపిన మందులో ముంచి ఎండలో నిలబెడతారు. ఎండాక మళ్లీ ముంచుతారు, మళ్లీ ఎండబెడతారు. వాన పడితే పని ఆగుతుంది, కూలీ ఆగుతుంది. ఆ చట్రాలు ఎత్తేవాళ్లలో ఆడవాళ్లు చాలామంది. ఎవరి ఇంటి పెండ్లికో తెలియకుండా వాళ్లు ముంచి ఎండబెట్టిన తీగలే మా పిల్ల దారికి దీపాలు. వాళ్లు పీల్చే గాలి గురించి కూడా ఆలోచించాలి గనుక, కొనేటప్పుడు పెట్టె తిరగేసి చూస్తున్నాం. 2018 అక్టోబరులో సుప్రీంకోర్టు బాణసంచాలో బేరియం లవణాలు వాడొద్దన్నది. నాగపూర్‌లోని 'నీరి' సంస్థ తక్కువ పొగ వచ్చే కూర్పులు తయారుచేసి ఇచ్చింది. పెట్టె మీద ఆ హరిత గుర్తు, క్యూఆర్ కోడ్ ఉంటేనే తీసుకుంటాం. పేరులేని చవక సరుకు మా పిల్ల దగ్గరికి రానివ్వం.

ఇక మా పెద్దక్క సంగతి చెప్పాలి. అసలు ఈ ఏర్పాటంతా ఆమె కోసమే చేస్తున్నామని చెప్పినా తప్పు లేదు. పెండ్లి పిల్లకు పెద్దమ్మ. ఆ పిల్లకు పాలు మరిపించింది, జడలేసింది, జ్వరమొస్తే రాత్రంతా తడిగుడ్డ మార్చింది, పదో తరగతి పరీక్షలప్పుడు గేటు బయట ఎండలో కూర్చుంది. బావ పోయిన తర్వాత ఏ శుభకార్యానికీ ముందుకు రాదు. పసుపు దంచడానికి ముత్తైదువలను పిలిస్తే వంటింట్లోకి పోతుంది. బొట్టు పెట్టే పళ్లెం తన వైపు వస్తుంటే లేచి నీళ్లకు పోతుంది. పొమ్మని ఎవరూ అనరు. తనే పోతుంది, ఎవరూ ఆపరు. ఈ పెండ్లిలో కూడా పనులన్నీ పంచుకుంటున్నప్పుడు వడియాల లెక్క, బియ్యం లెక్క తనకు పెట్టుకుంది, అందరి కంటికీ దూరంగా ఉండే పనులు చూసి మరీ.

"అక్కా, వరుసలో మొదట నువ్వు నిలబడాలి" అన్నాను.

"నాకెందుకు తమ్మీ ముందలికి రావుడు? ఎనక నిలవడి చూస్తా తియ్యి."

"ఎందుకు?"

"మంచి దగ్గర నేనుండొద్దు."

"దీనికి మంత్రం లేదక్కా. అయ్యగారు లేడు. ముత్తైదువలే పట్టాలని ఏ శాస్త్రంలోనూ లేదు. ఇది నిన్న మొన్న వచ్చిన ముచ్చట. దీనికింకా ఎవరూ కట్టుబాటు పెట్టలేదు."

చాలాసేపు బియ్యంలో రాళ్లు ఏరుతూ కూర్చుంది. నేను లేవబోతుంటే చెయ్యి చాచింది. "అయితే ఎట్ల పట్టాల్నో చూపియ్యి. నా చెయ్యి వణుకుతది."

కాకరపువ్వొత్తీ, నీ గొప్పతనమంతా నాకు అక్కడ తెలిసింది. తాతల నాడే పెండ్లిలోకి వచ్చి ఉంటే నీకూ ఒక విధి రాసేవాళ్లు. ఎవరు పట్టాలి, ఎవరు పట్టకూడదు, ఎడమ చేయా కుడి చేయా అని తీర్మానించేవాళ్లు. నువ్వు పందిట్లోకి ఆలస్యంగా వచ్చావు. అందుకే నీకు నిషేధాలు లేవు. వితంతువు చేతిలో వెలుగుతావు, విడాకులైన పిల్ల చేతిలో వెలుగుతావు, పిల్లలు లేరని పక్కన పెట్టిన చిన్నమ్మ చేతిలో వెలుగుతావు, పెండ్లి కాలేదని నలుగురూ గుచ్చి గుచ్చి అడిగే అన్న చేతిలో వెలుగుతావు. ఏ చేతిలోనైనా ఒకటే బంగారం చిమ్ముతావు. ఆ కట్టుబాట్లు నీ దాకా రాకముందే, మొదటి పెండ్లిలోనే, వెనక నిలబడ్డవాళ్లను ముందుకు తెచ్చి వాళ్ల చేత నిన్ను పట్టిస్తే, రేపు ఎవరైనా వద్దనడానికి నోరు రాదు. ఆచారం అట్లా మొదలుకావాలి.

అందుకే ఏర్పాట్లలో ఏదీ వదలడం లేదు. ప్రేమ ఉంటే సరిపోదు, ఇసుక బకెట్లు కూడా ఉండాలి. వరుసకు రెండేసి ఇసుక బకెట్లు, రెండేసి నీళ్ల బకెట్లు. ఆరిపోయిన తీగలు నేల మీద పారేయొద్దు. అప్పటికి సగం మంది చెప్పులు ఎక్కడున్నాయో వెతుక్కుంటూ వట్టికాళ్ల మీద ఉంటారు. ఇసుకలోనే గుచ్చాలి. రెండు వరుసల నడుమ బారన్నర జాగా వదలాలి. ఒత్తి కొస ముందుకు, కొంచెం పైకి, ఒంటికి దూరంగా ఉండాలి. జానెడువి పిల్లల ఆటకు సరిపోతాయి గానీ ఈ పనికి రావు. నడక పూర్తయ్యేలోపే ఆరిపోతాయి. మూరెడు పొడుగువే తెప్పిస్తున్నాం. కట్ట కట్టి ఒకేసారి ముట్టించే తుంటరులు ప్రతి పెండ్లిలో ఉంటారు. అట్లా చేస్తే భగ్గున లేచి చేతిని మింగేస్తుంది. వాళ్లను ముందే పట్టుకుని కారు దగ్గర కాపలా పని అప్పజెప్పాం. పూలు, ప్లాస్టిక్ రిబ్బన్లు చుట్టిన పెండ్లి కారు గేటు అవతల, వరుసకు చాలా దూరంలో ఆగుతుంది. చిన్న పిల్లల చేతికి ఒత్తి ఇవ్వం, వాళ్లకు పూలరేకులు.

అన్నిటికంటే నాకు బట్టల భయం ఎక్కువ. పట్టుచీర నిప్పును కొంత ఓర్చుకుంటుంది. నైలాను వల చున్నీలు, జార్జెట్ ఓణీలు రవ్వ పడితే కరిగి ఒంటికి అతుక్కుంటాయి. జుట్టుకు కొట్టే స్ప్రే కూడా నిప్పును పిలిచేదే. అందుకే పెండ్లి పిల్ల తలమీది వల ముసుగు గుమ్మం దగ్గరే తీసేసి చెల్లెలి చేతికిస్తుంది. కొంగులు నడుముకు చెక్కాలని ఆడపిల్లలందరికీ చెప్పాం. ఎవరికైనా చేయి కాలితే పేస్టులు, పిండ్లు పూయొద్దు. ముందు గాజులు, ఉంగరాలు తీసి, ఇరవై నిమిషాల పాటు కుళాయి నీళ్ల కింద పెట్టి, ఆ తర్వాతే ఆసుపత్రి.

హాలు లోపల మాత్రం ఒక్కటి కూడా ముట్టించం. 2023 సెప్టెంబరులో ఇరాక్‌లోని ఖరఖోష్‌లో పెండ్లి హాలు లోపల వెలిగించిన బాణసంచా రవ్వలు పైకప్పుకు అంటుకుని వందమందికి పైగా చనిపోయారు. ఇవాళ మన హాళ్లలో పిల్లాపిల్లడు వచ్చేటప్పుడు పెట్టే 'కోల్డ్ పైరో' గొట్టాలకు చల్లని పేరు ఉంది గానీ, వాటి మూతి దగ్గర కూడా వేడే. పైన గుడ్డ పందిరి, పక్కన థర్మోకోల్ మండపం ఉన్నచోట ఏ నిప్పుకూ చోటు లేదు. ఆరుబయట కూడా చూసుకోవాలి. వైశాఖం అంటే యాసంగి కోతలైన కాలం. మిల్లుల ముందు ధాన్యం ట్రాక్టర్ల బారులు, పొలాల్లో ఎండుగడ్డి, గోడల వెనక ఊక కుప్పలు. ఊకకు నిప్పంటుకుంటే పైకి కనబడదు, లోలోపల రోజుల తరబడి కాలుతుంది. మేం చూసిన మొదటి హాలును ఆ ఒక్క కారణంతోనే వద్దనుకున్నాం. గాలిదుమారం లేస్తే వరుసలే ఉండవు. అప్పుడు సెల్‌ఫోన్ లైట్లతో సాగనంపుతాం. అక్కకు ఆ మాట కూడా చెప్పాను, ఆశ పెట్టుకుని బాధపడకుండా.

ముట్టించే తీరు గురించి చిన్నపాటి వాదులాట నడిచింది. అందరికీ లైటర్లు ఇద్దామని మేనల్లుళ్లు. ఫొటోగ్రాఫరు సైగ చేస్తే అందరూ ఒకేసారి ముట్టించాలట. నేను ఒప్పుకోలేదు. ఒత్తి అంటుకోవడానికి ఒకరికి రెండు క్షణాలు, ఒకరికి పది క్షణాలు పడుతుంది. సగం మంది వెలిగేసరికి మిగతా సగం ఆరిపోతారు. మా తీరు ఇది: గుమ్మం పక్కన ఒక దీపం. దాని దగ్గర అక్క. మొదటి ఒత్తి ఆమె ముట్టిస్తుంది. ఆమె ఒత్తి నుంచి ఎదుటి వరుసలో బాబాయి, పక్కన చిన్నమ్మ, ఆమె నుంచి ఇంకొకరు. అట్లా మనిషి నుంచి మనిషికి నిప్పు గేటు వైపు సాగుతుంటే, దాని వెనకే పిల్లాపిల్లడు నడుస్తారు. వెలుగు ఎప్పుడూ వాళ్లకంటే రెండడుగులు ముందుంటుంది. వరుస చివర్లో డప్పు కొట్టినవాళ్లు, వంటవాళ్లు, రాత్రంతా నీళ్లు మోసిన కుర్రాళ్లు. డప్పు కింద పెట్టి వాళ్లూ ఒత్తి పడతారు. పెండ్లి చేసినవాళ్లంటే వాళ్లు కూడా.

చప్పుడు గురించి ఎవరూ బెంగపడక్కర్లేదు. రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా మోత చేసే టపాకాయలు కాల్చొద్దని 2005 జులైలోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఆ వేళల్లో లక్ష్మీబాంబుల వాడు డబ్బా మూసుకోవాల్సిందే. నీకు మోత లేదు. మూడు గంటల రాత్రి కూడా నీ వల్ల పక్కింటి ముసలాయనకు నిద్ర చెడదు. బ్యాండు వాళ్లను కూడా ఆ కాసేపు ఆగమన్నాం. తల్లి ఏడిస్తే ఆ ఏడుపు వినబడాలి. నీ చిటపటలు వినబడాలి. "పోయి రా బిడ్డా" అనే మాట ప్రతి నోట్లోంచి విడివిడిగా పిల్ల చెవిన పడాలి.

ఒక డబ్బా వేరుగా కట్టి పెట్టాం. అది పిల్లతో పాటు కోదాడ పోతుంది. సారెలో పసుపు కుంకుమల పక్కన, ఒడిబియ్యం మూట పక్కన, అది కూడా. తెల్లవారకముందే చేరితే అక్కడి గడప ముందు కూడా వరుసలు కట్టి ముట్టించమని. సాగనంపడానికి వెలుతురు ఉన్నప్పుడు పిలుచుకోవడానికి ఎందుకుండొద్దు? పెట్టె మీద కాగితం అంటించి నా చేత్తోనే రాశాను: "మీ ఇంట్లో శుభకార్యాలకు వెనక నిలబడే మనిషి ఎవరున్నా, మొదటి ఒత్తి వాళ్ల చేతికివ్వండి." రాసిన తర్వాత, పెండ్లికి ముందే ఇట్లాంటి మాట చెబితే వియ్యాలవారు ఏమనుకుంటారోనని వియ్యపురాలికి ఫోన్ చేసి చదివి వినిపించాను. అవతల కాసేపు మాట లేదు. తర్వాత అన్నది:

"మా అత్తమ్మ ఒక్కతే కాదు అన్నయ్యా, మా వాడకట్టుల ఇంకా నలుగురున్నరు. ఇంకో డబ్బా ఎక్కువ పంపియ్యుండ్రి."